ఇంగ్లండు దేశపు తోటమళ్లు

భూమిలేని కూలివానికిని, పట్టణములో ఒక గదియందు కాపురముండు పనివానికిని తనదని చెప్పుకొని త్రవ్వుకొనదగిన నేల కొంచెమైన నుండవలెనని యింగ్లండు దేశమున రెండువందల యేండ్లకు పైగా నొక యేర్పాటు నడచుచున్నది. దీనిని వారు అలాట్మెంటు అందురు. పంచి యిచ్చిన భాగమని దాని యర్థము. మన సంఘ సభ్యులలో ఈ పేరు విన్నవారు కొందఱు అది ధనికుల వేడుకతోట యనియు, కొందఱు సర్కారువారి ప్రయోగక్షేత్రమనియు తలంచుచుందురు. రెండును గాదు. ఒక పాతపొలమును చిన్నచిన్న మళ్లుగా విడదీసి, కుటుంబమున కొక మడి చొప్పున కౌలునకిచ్చి, కౌలుదారులందఱును గలసి దారిని, నీటిని, కంచెను ఉమ్మడిగా బాగుచేసికొనుటయే దీని స్వరూపము. ఎవని పంట వానిది. గట్టు మాత్ర మందఱిది. ఇది యెట్లు పుట్టెనో, ఎందుచేత నిలిచెనో, ఎచ్చట చెడెనో మన కర్షకులు తెలిసికొనదగినదని మా యభిప్రాయము.

మొదట కొలత చెప్పుదము. మడికి ప్రమాణము పది కోలలు. అచ్చటి కోల పొడవు అయిదున్నర గజములు. దుక్కిటెద్దులను తోలు ముల్లుగోలయే యీ కొలతకు మూలమని చెప్పుదురు. చదరపు కోలలు 160 అయిన నొక యెకరము. కావున పది కోలల మడి 302½ చదరపు గజములు, అనగా మన సర్కారు జిల్లాల లెక్కను ఆఱుంబాతిక సెంట్లు, తెలంగాణపు లెక్కను రెండున్నర గుంటలు. ఎకరమునకు పదునాఱు మళ్లు వచ్చును. ఆఱుంబాతిక సెంట్లలో సేద్యమేమని పెద్దరైతు నవ్వవచ్చును. బంగాళాదుంప, క్యాబేజీ, చిక్కుడు, నీరుల్లి ఎడతెగకుండ మార్చి మార్చి వేయగల నేర్పరి కీపాటి నేలనుండియే యొక సంసారమునకు వలయు కూరలలో పెద్దపాలు చేకూరుచున్నది. పగలెల్ల నింకొకచోట కూలికిపోయి వచ్చినవాడు ప్రొద్దుక్రుంకులోపల పార పట్టి చక్కబెట్టుకొనగల నేలయు నంతియే.

ఈ మళ్లు వెలసిన పొలముల పూర్వచరిత్ర యెఱుగనిచో వీని యవసరము బోధపడదు. పూర్వము ఇంగ్లండునందలి పెక్కు గ్రామములకు పొలము ఉమ్మడిగా నుండెడిది. గ్రామము చుట్టును రెండో మూడో పెద్దపొలములు. ఒక్కొక్కదానిలో ప్రతి రైతునకును అచ్చటచ్చట పొడవైన పట్టెలు. నడుమ కంచెలు లేవు. నాగలి మలుపక సాగు దూరము 220 గజములుగా నెంచి, వెడల్పు 22 గజములైన నొక యెకరమనిరి. మూడు పొలములున్నచోట నొకటి గోధుమకు, ఒకటి వసంతకాలపు పైరులకు విడిచి, మూడవదానిని బీడుగా నుంచి, ఏటేట మార్చుచుండిరి. కోత లయిన పిమ్మట ఆ కొయ్యకాళ్లలో ఊరి పసులన్నియు మేయును. ఊరి చివరి బీళ్లలో ఒక యావునో నాలుగు బాతులనో మేపుకొనుట, వంటచెఱకు తెచ్చుకొనుట కూలివానికి సైతము వాడుకగా సాగెడిది.

ఈ పద్ధతి నాటింగ్‌హాం మండలములోని లాక్స్‌టన్ అను గ్రామమున నేటికిని జీవించియున్నది. అచ్చట ప్రతి సంవత్సరము నవంబరు మాసాంతమున గ్రామపంచాయతివారివంటి కొందఱు పెద్దలు పొలమునకు పోయి, ఎవడైన పక్కపట్టెలోనికి గాని దారిలోనికి గాని నాగలి జరిపెనా యని పరీక్షించి, జరిపినవానిపై జుల్మానా వేయుదురు. గట్టు తగవులకై మునసబు కోర్టు మెట్లరిగించిన మనవారికి ఈ యేర్పాటు రుచించునని తలంచెదము.

తరువాత కంచెలు వచ్చినవి. 1604 మొదలు 1914 వఱకు పార్లమెంటువారు 5,200లకు పైగా ఆవరణ చట్టములు చేసి, సుమారు 68 లక్షల యెకరముల ఉమ్మడి పొలములను, బీళ్లను విడదీసి కంచెలు వేయించిరి. ఇది యింగ్లండు విస్తీర్ణములో ఐదవవంతు. చట్టములలో పెద్దపాలు 1760 తరువాతివి. న్యాయముగా చెప్పవలెనన్న, కంచె వేసిన రైతునకు సేద్యమందు లాభము కలిగెను. తన యిష్టము వచ్చిన పైరు వేయుటకును, పసుల జాతిని మెఱుగుపఱచుటకును, మురుగు త్రవ్వుటకును వీలు గలిగెను. నష్టపడినవాడు కూలివాడు. పంపకము వేళ పత్రము చూపినవానికి భూమి వచ్చెను; తాతనాటి వాడుక తప్ప పత్రము లేనివానికి వట్టిచేతులు మిగిలెను. ఆవు పోయెను, వెన్న పోయెను, వంటచెఱకు పోయెను. చలికాలమున పని లేనప్పుడు గ్రామనిధినుండి యిచ్చు బిచ్చమే గతి యయ్యెను.

ఈ యన్యాయమును గుర్తించిన కొందఱు పంపకపు వేళనే బీదల కొఱకు కొంత నేల వేఱుపఱుపవలెనని పట్టుపట్టిరి. విల్ట్‌షైర్ మండలములోని గ్రేట్ సోమర్‌ఫర్డ్ గ్రామమున పొలములకు కంచెలు వేయుచుండగా, ఆ యూరి గురువు స్టీఫెన్ డెమెయిన్‌బ్రే అనునాయన మూడవ జార్జి రాజునకు విన్నవించి, బీదలకు శాశ్వతముగా కొంత భూమి విడిపించెను. 1809లో నేర్పడిన ఆ మళ్లను నేటికిని త్రవ్వుచున్నారు. బ్రిటనులో ఎడతెగక సాగుచున్న మళ్లలో నివియే మొదటివని చెప్పుదురు. కాని యిట్టివారు కొలదిమంది. 1830లో దక్షిణ మండలముల కూలివాండ్రు ఆకలి కోర్వలేక నూర్పిడి యంత్రములను పగులగొట్టి, వాములకు నిప్పంటించిన పిమ్మటనే భూస్వాములు పలువురు మళ్లిచ్చుటకు త్వరపడిరి. 1845 నాటి సాధారణ ఆవరణ చట్టము, కంచె వేయుచోట నెల్ల బీదలకు కుటుంబమునకు పాతికయెకరమునకు మించకుండ తోటభూమి విడువవలెనని విధించెను. అక్షరములలో నున్న దయ ఆచరణములో నెంత నిలిచెననగా, ఆ చట్టము క్రింద కంచెలు పడిన 6,15,000 ఎకరములలో బీదలకు వచ్చినది 2,200 ఎకరములు. అనగా నూఱెకరములకు ముప్పదియాఱు సెంట్లు! ఆవును తోలుకొనిపోయి ఆకుకూర మడి చేతబెట్టిరని యెవరైన నన్నచో కాదనజాలము.

ఇచ్చిన కొలది నేలకును కట్టుబాట్లు మెండు. పెక్కుచోట్ల ఆదివారము పని చేయరాదు, నాగలి కట్టరాదు, పారతోడనే త్రవ్వవలెను, నేరమునకు శిక్షపడిన మడి పోవును. సొంతమడిలో చెమటోడ్చిన కూలివాడు తమ పొలములో నీరసించి నిలుచునని పెద్దరైతులు గొణిగిరి. తమ గాదెలలోని విత్తనమే ఆ మళ్లలో మొలచునని యనుమానించిరి. ఇంతచేసి, పక్క పొలమునకు పెద్దరైతు చెల్లించు శిస్తుకంటె కూలివాడు తన మడికి ఎకరమునకు లెక్కగట్టిన నెక్కువయే చెల్లించుచుండెను. అయినను పంట నెక్కువగా తీసి, బాకీ లేకుండ చెల్లించెను. ఎరువంతయు తానే మోసి, కలుపంతయు భార్యాబిడ్డలతో తీసిన నేల యట్లు పండక మానునా?

పట్టణములలోను ఇట్టి మళ్లు వెలసెను. వీనిలో నాటింగ్‌హాము నగరపు సెంట్ ఆన్స్ మళ్లు చెప్పదగినవి. నగర కార్పొరేషనువారి పాతపొలములను విడదీసి యేర్పఱచిన యీ తోటలు 75 ఎకరములు. మడికిని మడికిని నడుమ నేపుగా పెరిగిన జీవకంచెలు గలవు. చారిత్రకస్థలముగా నెన్నబడి, కట్టడములకువలెనే వీనికిని ప్రభుత్వపు రక్షణ కలిగినది. మేజోళ్లు, అల్లికబట్టలు నేయు పనివాండ్రు ఈ మళ్లలో కూరలతోబాటు గులాబీలు పెంచిరి. 1860 ప్రాంతమున రెనాల్డ్స్ హోల్ అను గ్రామగురువునకు, గులాబీల పోటీకి తీర్పరిగా రమ్మని నాటింగ్‌హాము పనివారినుండి జాబు వచ్చెను. పోటీ దినము ఏప్రిలు మాసములోనిది. ఆరుబయట ఒక మొగ్గయైన లేని కాలము. ఎవరో పరిహాసమునకు వ్రాసిరని యాయన సందేహించి, తుదకు పోయి చూడగా, పూటకూళ్ల యింటి మేడగదిలో సీసాలయందు నిలిపిన మేలిజాతి గులాబీలు కనబడెను. చలి మిక్కుటమైన రాత్రులలో తాము కప్పుకొను కంబళ్లను తీసి, మడిలోని చిన్న గాజుటింటిపై కప్పి యా మొక్కలను కాపాడిరని యాయన విని, 1869లో ప్రకటించిన తన గులాబీల గ్రంథమున వ్రాసెను. ఇంత వెలగల మొక్కలు కొనుట కెట్లు చాలితివని యొకని నడుగగా, సారాయి యంగడికి పోకుండుటచేత నని వాడు బదులుచెప్పెనట.

సహకార సభ్యులకు ప్రత్యేకముగా తెలియవలసిన సంగతి యొకటి గలదు. మన సహకారోద్యమమునకు మాతృకగా నెన్నబడు రాచ్‌డేల్ నేతపనివారి సంఘము 1844లో నేర్పడినప్పుడు, దుకాణము పెట్టుట యొక్కటే వారి యుద్దేశము కాదు. పని లేనివారును, కూలి చాలనివారును నగు సభ్యులు సేద్యము చేసికొనుటకై సంఘము భూమి కొనవలెను లేక కౌలునకు తీసికొనవలెనని వారి మొదటి నిబంధనలలోనే యుండెను. పప్పు ఉప్పులు తూచుట తేలిక, భూమి సంపాదించుట కష్టము గనుక లోకము దుకాణమునే జ్ఞాపకముంచుకొనెను.

ఇప్పుడు చట్టమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదము. ఏలయనగా ఈ మళ్లు నిలుచుటకు కారణము దాతల ధర్మబుద్ధికంటె చట్టమే. 1887 నాటి చట్టము స్థానిక సభలకు మళ్లిచ్చు బాధ్యతను మోపెను. 1908 నాటి చిన్న కమతముల, తోటమళ్ల చట్టము దానిని గట్టిపఱచెను. గ్రామమున ఓటుహక్కుగల ఆఱుగురు కలసి వ్రాతమూలమున అడిగినచో, స్థానిక సభవారు ఆ కోరికను విచారింపక త్రోసివేయరాదు. మళ్లకు గిరాకి యున్నదని తేలిన, భూమి సమకూర్చుట వారి విధి. లండను నగర మధ్యభాగమునకు మాత్ర మీ విధి యిప్పుడు లేదు. మొదట కూలిజనులకే పరిమితమైన యీ హక్కు 1919లో నెల్లరకును వచ్చెను. 1922 నాటి చట్టమును మన కౌలుదారులు శ్రద్ధగా గమనింపవలెను. కౌలుదారుని లేవగొట్టవలెనన్న ఆఱు మాసముల నోటీసు నీయవలెను. ఆ గడువు ఏప్రిలు 6వ తేదిలోపల గాని, సెప్టెంబరు 29వ తేదికి గాని ఆ తరువాత గాని ముగియవలెను. అనగా పైరు నిలిచియున్న వేసవిలో నెవరును మడి విడువనక్కఱలేదు. నోటీసు గడువును 1950లో పండ్రెండు మాసములకు పెంచిరి. విడుచునప్పుడు నేలలో నున్న పంటకును, వేసిన ఎరువునకును పరిహార మడుగు హక్కు గూడ నేర్పడినది. 1925 నాటి చట్టము స్థానిక సభవారు మళ్ల కొఱకే సంపాదించిన భూమిని మంత్రి యనుజ్ఞ లేక విక్రయింపరాదనియు, ఇతరముల కుపయోగింపరాదనియు శాసించెను.

యుద్ధము వచ్చినప్పుడు ఈ మళ్ల విలువ దేశమున కంతటికిని తెలిసెను. రెండవ ప్రపంచయుద్ధము మొదలైన 1939 అక్టోబరులోనే ప్రభుత్వము విజయము కొఱకు త్రవ్వుడను ప్రచార మారంభించెను. ఉద్యానవనములు, ఆటస్థలములు, లండను కోట అగడ్త సైతము కూరమళ్లయ్యెను. పూర్వము నీరుల్లి చాలమట్టుకు ఫ్రాన్సు మొదలగు దేశములనుండి ఓడలలో వచ్చెడిది. 1940లో ఆ దారి మూసికొనిపోగా నీరుల్లిగడ్డ లాటరీలలో బహుమానముగా పెట్టునంతటి యపురూపమయ్యెను. 1943 నాటికి మళ్ల సంఖ్య 14 లక్షలైనది.

పాతపొలమును తోటమడిగా మార్చుటలో గల చిక్కులనుగూర్చి సేద్యము నేర్పువారముగా కొంత చెప్పకుండ నుండలేము. తరతరములుగా నాగలి తిరిగిన నేలలో నాగలి అడుగు తాకుచోట గట్టిపొర యొకటి యేర్పడును. వేళ్లు దానిని చొరలేవు, నీరు దిగదు. కాలితో త్రొక్కి దింపు పారతో రెండు పారల లోతు త్రవ్వి, అడుగుమన్నును కదలించుటయేగాని పైకి తీయక, పైమట్టిని పైననే యుంచి, నడుమ పెంట వేయుట అచ్చటివారి పద్ధతి. అడుగుమన్ను పైకి వచ్చిన రెండు మూడేండ్లు పంట దండుగ. కొన్ని పాతపొలములలో నాటి పట్టెల గుర్తులు అలలవలె మెట్టలును పల్లములునై యిప్పటికిని కనబడుచున్నవి. ఎద్దులనాటి దుక్కి మన్నును నడిమికి ద్రోయుచుండుటచే నవి యేర్పడినవి. అట్టిచోట మెట్టపై వచ్చిన మడివాడు అదృష్టవంతుడు. పల్లములో వచ్చినవాడు చలికాలమంతయు బురద త్రొక్కును. మళ్లు గీయునపుడు ప్రతి మడియు మెట్టకును పల్లమునకును అడ్డముగా పోవునట్లు గీచినచో తగవుండదు.

చిరకాలము పచ్చికగా నున్న నేలను క్రొత్తగా త్రవ్విన నింకొక యాపద. పచ్చికవేళ్లలో పసుపువన్నె గల సన్నని, తీగవలె గట్టియైన పురుగు లుండును. పచ్చిక పోగానే యవి బంగాళాదుంపలపై బడి తూట్లుపొడుచును. మొదటి యేటికంటె రెండవయేట ఈ పీడ యధికము. యుద్ధకాలమున క్రొత్తగా పార పట్టినవారు పలువు రీ పురుగుచేత విసిగిరి. పచ్చికను చెక్కి పారవేయుట తెలివి గాదు. గడ్డిమొగము క్రిందికి పెట్టి పేర్చిన నది యొక యేడాదిలో చివికి మేలైన తోటమన్నగును. అచ్చట శరదృతువున త్రవ్వి పెళ్లలను పగులగొట్టక విడుతురు. మంచు వానిని పిండిచేయును. మనకు మంచు లేదు గాని ఆ పనిని ఎండ చేయును. మన వేసవిదుక్కియు నిందుకే.

ఇన్ని యుండియు మళ్లు తఱిగినవి. యుద్ధము ముగియగానే పలువురు పార విడిచిరి. స్థానిక సభవారు ఇండ్లకును, పాఠశాలలకును, దారులకును నేల వెదకిరి. ఇప్పుడు సుమారు 3 లక్షల 30 వేల మళ్లు మాత్రమే మిగిలినవి. కాని మడికై పేరు వ్రాయించుకొని కాచుకొనియున్నవారు లక్షకు మించియున్నారు. తూర్పు లండనులో మేనర్ గార్డెన్ అను మళ్లను 2007లో తొలగించి, 2012 ఒలింపిక్ క్రీడలకై ఆ స్థలమును వాడిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశలలో ఆర్థర్ విలియర్స్ అను దాత అచ్చటి బీదలకు ధర్మబుద్ధితో నిచ్చిన నేల యది. దశాబ్దములుగా పెంటవేసి నల్లబఱచిన మన్ను యంత్రముల క్రింద పోయెను. ప్రత్యామ్నాయ మిచ్చిరి, నిజమే. ఆఱుంబాతిక సెంట్లను వేఱొకచోట చూపవచ్చును. నలువదేండ్ల యెరువును చూపజాలరు.

మన గ్రామములలో భూమిలేని సభ్యుల కొఱకు సంఘమే యొక రెండెకరములు కౌలునకు తీసికొని మళ్లుగా విడదీయుట సాధ్యమా యని కొందఱు మమ్మడుగుచున్నారు. సాధ్యమే యనుకొందుము. అయితే అచ్చటి చట్టమువంటిది మన పక్షమున నున్నదని తలంచుకొనక, కావలసిన రక్షణను కౌలుపత్రములోనే వ్రాయించుకొనవలెను. గడువు అయిదేండ్లకు తక్కువైన ఎరువు వేయుట కెవనికి మనసు రాదు. విడువవలసిన తేది పంట యింటికి వచ్చిన పిమ్మటిదిగా నుండవలెను, నోటిమాట పనికిరాదు. నీరు లేనిచో మడిని తలపెట్టవద్దు. ఇంగ్లండున సన్నజల్లు లేడాది పొడవున పడుచుండును గనుక నొక తొట్టి చాలును. మనకు బావియు, వంతుల లెక్కయు ముందు గుదురవలెను. మడి నింకొకరికి మాఱుకౌలున కీయగూడదు. ఏడాది బీడు పెట్టినవాని మడి వరుసలో నున్న తరువాతివానికి పోవలెను; దీనిని నిర్ణయించుటకు మడిదారులలోనే ముగ్గురిని ఏటేట మార్చి నియమించుకొనుట మేలు. చుట్టఱికము చూచి విడిచిన ఒక్క మడిలోని తుంగ రెండేండ్లలో ఎకరమంతయు ప్రాకును.

పాతపొలము చేతికి వచ్చినచో వైశాఖములో లోతుగా త్రవ్వి, గరికవేళ్లను, తుంగగడ్డలను ఎండకు విడిచి, ఏరి కాల్చవలెను. తొలకరికి జనుము గాని పిల్లిపెసర గాని చల్లి, పూతపట్టగానే మన్నులో త్రొక్కి కుళ్లనిచ్చి, ఆ తరువాతనే కూరనారు నాటవలెను. మడిని మూడు పాళ్లు చేసి, చిక్కుడు జాతి యొకదానిలో, వంగ మిరప టమాటాలు వేఱొకదానిలో, ఆకుకూరలును నీరుల్లియు మూడవదానిలో వేసి, ఏటేట జరుపుచుండవలెను. వంగ తీసినచోట మిరప గాని టమాటా గాని వేయవద్దు. అవి యొక్క కుటుంబమువి, తెగులును ఒక్కటే.